సల్ల లేజర్

మా చిన్నబాపు కళ్ళు నా చదువు వల్లనే పోయాయని మా చిన్నమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. సిరిసిల్లలో మా గల్లీలో మొదలైన ఆ మాట కోరుట్లలో ఆమె పుట్టింటి దాకా పాకింది. నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు. భౌతికశాస్త్రం చదివిన ఎవరిని పిలిచి అడిగినా అదే చెప్తారు. ఒక మనిషి ఆ మాటను పట్టుకుని కూర్చుని కళ్ళు పోగొట్టుకుంటే నేనేం చేసేది?

చిన్నబాపు అంటే బాబాయి, మా బాపు తమ్ముడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సాంచాల మీద పని. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. వరసగా ఉన్న సాంచాల మధ్య ఒక్కడే అటూ ఇటూ తిరుగుతూ, ఎక్కడ పోగు తెగిందో కంటితో పట్టి, సాంచె ఆపి, ముడి వేసి మళ్ళీ నడిపించాలి. చేతులు వణికినా ఆ పని సాగుతుంది గానీ చూపు తగ్గితే సాగదు. ఆ మోతలో పని చేసీ చేసీ ఇంట్లో కూడా ఆయన అరిచినట్టే మాట్లాడేవాడు. ఫోన్ చేస్తే చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చేది.

నగరంలో ఒక పరిశోధన సంస్థలో నా పని, లేజర్లతో. స్ట్రాన్షియం అనే లోహాన్ని చిన్న కొలిమిలో వేడి చేస్తే దాని పరమాణువులు తుపాకీ గుండు వేగంతో దూసుకొస్తాయి. వాటికి ఎదురుగా లేజర్ కాంతి వేస్తాం. కాంతి తగిలినప్పుడల్లా పరమాణువుకు ఇంత చిన్న దెబ్బ. ఒక దెబ్బకు ఏమీ కాదు. ఆపకుండా లక్షల దెబ్బలు పడితే మాత్రం అది నీరసించి నిలబడిపోతుంది. ముందుకు పోయేవాణ్ణి చిన్న చిన్న దెబ్బలతోనే నిలబెట్టవచ్చని మా చిన్నమ్మకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. మాకు మాత్రం కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. వేడి అంటే లోపలి కదలికే కాబట్టి, కదలిక తగ్గిందంటే చల్లబడినట్టే. అట్లా చల్లబడిన పరమాణువులను కాంతితోనే చేసిన గుంటల్లో కూర్చోబెట్టి, వాటి కంపనాలతో కాలాన్ని కొలుస్తారు. ఇప్పుడు లోకంలో ఉన్న అతి నిక్కచ్చి గడియారాలు ఇవే. గడియారాన్ని వెంట్రుక వాసి పైకి లేపితే కాలం నడక ఎంత మారుతుందో కూడా పట్టుకోవాలని మాలాంటి వాళ్ళు కొట్టుకుంటున్నారు.

నేను సిరిసిల్ల పిల్లనని తెలియగానే పత్రికల వాళ్ళు ఒకటే అడుగుతారు, ఆ కాంతి గుంటల అల్లిక పడుగూ పేకా లాగే ఉంటుందా మేడం అని. ఉండదు. కోడిగుడ్ల అట్ట లాగా ఉంటుంది. అట్ట అంటే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి.

కథ కోరుట్లలో మొదలైంది. చిన్నమ్మ చెల్లెలి కూతురి నిశ్చితార్థం. భోజనాల దగ్గర చిన్నమ్మ తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. కోరుట్లలో ఆయనకు మొబైల్ షాపు ఉంది. లోకంలో ఉన్న ఏ మిషనైనా తన షాపులో బాగవుతుందని నమ్మే రకం.

"ఇంతకు నువ్వు ఏం చదువుతున్నవే?" అన్నాడు పదిమంది వినేటట్టు.

"లేజర్‌తోని ఆటమ్‌లను సల్లగ జేస్తం."

"లేజరంటె కాల్చుడు గద. మా ఇంటి పక్కాయనకు మూలశంకకు లేజర్ వెట్టిండ్రు. వారం దినాలు కూసోలే."

పంక్తి అంతా నవ్వింది. పెళ్ళికొడుకు తరఫు ముసలాయన ఒకడు, "దీపం ముట్టిచ్చి ఐసు జేస్తదట," అన్నాడు. మళ్ళీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పప్పు గరిట పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఆపి మరీ చెప్పాను. కాంతికి తోసే బలం ఉంటుందని, ఎదురొచ్చే పరమాణువును అది నెమ్మదింపజేస్తుందని, నెమ్మదిస్తే చల్లబడ్డట్టేనని. ఎవరికీ పట్టలేదు. పంక్తి చివర చిన్నబాపు ఒక్కడే తినడం ఆపి నా వైపు చూస్తున్నాడు.

"కాలదా బిడ్డా?" అన్నాడు తన మామూలు అరుపుతో.

"కాలదు చిన్నబాపూ. సల్లగైతది."

"లేజరే గద?"

"లేజరే."

ఆయన తల ఊపి మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. మా వంశంలో నా పనిని నవ్వకుండా విన్న మొదటి మనిషి ఈయనే అనుకున్నాను. ఆ రోజు కోరుట్ల బస్టాండులో ఆయనకు సోడా కూడా కొనిచ్చాను, చక్కెర లేనిది.

అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ నిశ్చితార్థానికి కొద్ది రోజుల ముందే ఆయన జగిత్యాల కంటి దవాఖానకు వెళ్ళొచ్చాడు. షుగర్ వల్ల కంటి వెనక తెర మీద నెత్తురు కారుతున్నదని, లేజర్ పెట్టించుకుంటే ఉన్న చూపు నిలుస్తుందని, ఆలస్యం చేస్తే రెండు కళ్ళూ పోతాయని డాక్టర్ చెప్పాడు. అక్కడే బెంచీ మీద మేడిపల్లి నుంచి వచ్చిన ఒక రైతు కంటికి కట్టు కట్టుకుని కూర్చున్నాడట. ఎట్లుంటదని చిన్నబాపు అడిగితే, "కంట్లె నిప్పుకణిక వెట్టినట్టే," అన్నాడట. చిన్నబాపు అట్నుంచి అటే బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

పిరికితనం అని చిన్నమ్మ అంటుంది. కొంత నిజమే. కానీ మా దగ్గర జబ్బు అంటే వేడి. కళ్ళు ఎర్రబడినా, నోరు పూసినా, నిద్ర పట్టకపోయినా వేడి చేసిందంటారు. మాడు మీద ఆముదం అద్దుతారు, సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు, కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టుకుంటారు. వేడితో వచ్చిన రోగాన్ని ఇంకా కాల్చి బాగు చేస్తానన్న డాక్టర్ ఆయన కంటికి మతి లేనివాడు. సొంత అన్న బిడ్డ చల్లటి లేజర్ తయారు చేస్తున్నది. ఇంక ఆయన ఎవరి కోసం చూస్తాడు?

ఫోన్లు మొదలయ్యాయి. అంతకు ముందు దసరాకు తప్ప మాట్లాడని మనిషి తరచూ ఫోన్ చేసేవాడు. తిన్నావా, ఉన్నావా అనేవి కూడా ఉండేవి కావు.

"ఎందాక అచ్చింది బిడ్డా మీ లేజర్?"

నేను సంబరంగా చెప్పేదాన్ని. నీలి రంగు లేజర్ పని చేసిందని, దాంతో పరమాణువులు సగం చల్లబడ్డాయని, ఇప్పుడు ఎర్ర లేజర్ పెట్టి ఇంకా చల్లబరచాలని.

"ఇంక సల్లగ గావాల్నా?"

"కావాలె. ఇది సాలది."

"ఐసంత సల్లగుంటె సాలదా?"

"ఐసు దీనిముంగట పొయ్యి లెక్క చిన్నబాపూ."

"తొందరేం లేదు, మంచిగ జేయుండ్రి. సల్లగుండు బిడ్డా," అని పెట్టేశాడు.

ఎర్ర లేజర్ ఒక పట్టాన నిలవలేదు. దాని రంగు ఇంత కూడా పక్కకు జరగకూడదు. తలుపు గట్టిగా వేస్తే జరిగేది. పరమాణువులు కాంతి గుంటల్లోకి ఎక్కినట్టే ఎక్కి జారిపోయేవి. మా ప్రొఫెసర్ ముఖం చిట్లించుకునేవాడు. ఆ నెలల్లో నన్ను నిలబెట్టింది చిన్నబాపు ఫోన్లే. ఇంత గొప్ప సంస్థలో నా పని ఎక్కడిదాకా వచ్చిందని అడిగే దిక్కు లేదు, సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి అడుగుతున్నాడు అని నా తోటివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నాను. ఒక సమావేశంలో మాట్లాడుతూ, ఐసంత చల్లగుంటే చాలదా అన్న ఆయన మాటను తెర మీద పెద్ద అక్షరాలతో వేశాను. అందరూ ముచ్చటపడి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టే వేళకు సిరిసిల్లలో ఆయన గాలిలో పోగులు పట్టుకుంటున్నాడు.

ఇది నాకు ఆయనతో పనిచేసిన మనిషి తర్వాత చెప్పాడు. కంట్లో కారిన నెత్తురు చూపుకు అడ్డంగా నల్లటి దారాల్లాగా తేలుతుందట. మామూలు మనిషికైతే ఈగలు కనపడ్డాయంటాడు. చిన్నబాపుకు తెగిన పోగులు కనపడ్డాయి. నడుస్తున్న సాంచెను ఆపేవాడు. లేని పోగును రెండు వేళ్ళతో పట్టుకోబోయేవాడు, దొరకక మళ్ళీ పట్టుకోబోయేవాడు. నిజంగా తెగిన పోగు మాత్రం ఆయనకు కనపడకుండానే గుడ్డలో గీత పడిపోయేది. పక్కవాళ్ళు సాంచాలు ఆపుకుని వచ్చి చూసి నవ్వేవారు. ఒకడు ఆయన ముఖం ముందు చెయ్యి ఆడించి, "ఇగో మామా, ఈడ గూడ తెగింది," అనేవాడు. ఈయన నమ్మి చెయ్యి చాపేవాడు. ఇట్లా కొన్ని దినాలు వాళ్ళకు మంచి కాలక్షేపం అయింది.

గుడ్డలో గీతలు ఎక్కువయ్యేసరికి సాంచాల ఆసామి, అంటే ఓనరు, ఊరుకోలేదు. "కండ్లు లేనోనికి సాంచాలెందుకు, పోయి ఇంట్ల గూసో," అన్నాడు. అదే చివరి పని దినం.

పని పోయాక ఆయన చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చునేవాడు. దవాఖానకు ఎందుకు పోవు అని అడిగినవాళ్ళకల్లా, "మా అన్న బిడ్డ సల్ల లేజర్ జేస్తున్నది, అయిపోవస్తున్నది," అని చెప్పాడు. మా దగ్గర సల్ల అంటే మజ్జిగ కూడా. ఇంత మంచి అవకాశం దొరికితే సిరిసిల్ల చాయ్ హోటల్ ఊరుకుంటుందా? సల్ల లేజర్ అనేది ఆయన పేరైపోయింది. లేజర్ తోడేసిర్రా మామా, పులిసిందా, చిలికినంక వెన్న మాకు సుత పెట్టు అనేవారు. ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీలో లేనంత చక్కెర నీ ఒంట్లనే ఉన్నదనేవారు. ఇంటికొస్తే చిన్నమ్మ అన్నంలో మజ్జిగ పోస్తూ, "ఇగో, నీ బిడ్డ లేజర్ పంపింది, తిను," అనేది. ఆయన తినేవాడు.

ఒక పొద్దున లేచేసరికి ఒక కన్ను పూర్తిగా ఎర్రటి తెర కప్పేసిందట. కొన్నాళ్ళకు రెండోదీ మసకేసింది. అప్పుడు చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. మా సంస్థ ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి ఆ ఫోన్ విన్నాను.

"నీ సల్ల లేజర్ ఎప్పుడిస్తవే? మనిషి గోడలు వట్టుకోని నడుస్తుండు. ఇయ్యకపోతె ఇయ్యనని జెప్పు. ఇంకో దారి సూసుకుంటం."

"ఏం లేజర్ చిన్నమ్మా?"

"ఏం లేజరా? ఇన్ని దినాలు ఫోన్ల ఏం మాట్లాడుకున్నరు మీరిద్దరు?"

ఆమె నోటి నుంచే జగిత్యాల డాక్టర్ సంగతి, మేడిపల్లి రైతు సంగతి, సాంచాల సంగతి అన్నీ వరసగా విన్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోరుట్లలో నవ్విన వాళ్ళందరి మీద వచ్చిన కోపం కంటే ఎక్కువ కోపం ఆ మనిషి మీద వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన అడిగింది నా పరమాణువుల గురించి కాదు. నా ఎర్ర లేజర్ నిలిచిందా, జారిందా అన్నది ఆయనకు అక్కర్లేదు. నేను నా చదువు చెప్పుకుంటున్నాననుకుంటే, ఆయన తన మందు ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. కళ్ళు పోతున్న మనిషి మీద ఇట్లాంటి కోపం రావచ్చా అంటే, వచ్చింది.

ఫోన్ ఆయనకు ఇమ్మన్నాను.

"దవాఖాన లేజర్ వేరు, మాది వేరు. డాక్టర్ జెప్పినట్టు ఇనక ఏం జేసినవ్ నువ్వు?"

"నువ్వు ఇస్తవనుకున్న బిడ్డా," అన్నాడు. ఆ ఒక్కసారి అరవకుండా చెప్పాడు.

ఇద్దరినీ నగరానికి రమ్మన్నాను. పెద్ద కంటి దవాఖానలో చూపించాను. అక్కడి డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసి, ఆయనతో ఒక్క ముక్క మాట్లాడకుండా నా వైపు తిరిగింది. రెండు కళ్ళ వెనక తెరలూ ఊడిపోయాయని, ఆపరేషన్ చేసినా చూపు రాదని, ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఉండి కూడా ఇంతదాకా ఎట్లా ఊరుకున్నారని ఇంగ్లీషులో అడిగింది. చిన్నమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ గొంతు అర్థమైంది. "బాగ అడిగింది," అంది.

బయట మెట్ల మీద ఆయనకు నేనే చెప్పాను. "సూపు రాదట చిన్నబాపూ." మెత్తగా చెప్పే దారి ఉందేమో, నాకు తెలియలేదు. ఆయన సరేనన్నాడు. కాసేపటికి, "మీ ఆఫీసు సూపియ్యి బిడ్డా, అచ్చినం గద," అన్నాడు.

"ఏం సూస్తడట?" అంది చిన్నమ్మ.

మర్నాడు పొద్దున నా గదిలో ఇడ్లీలు తెచ్చి పెడితే ఆయన ముట్టలేదు. కడుపు మంచిగ లేదన్నాడు. షుగర్ మనిషివి, పొద్దున్నే తినకుండా ఎట్లా అని కోప్పడ్డాను. చాయ్ కూడా వద్దన్నాడు. తలంటు పోసుకుని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, గుండీలు మెడ దాకా పెట్టుకుని మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. చిన్నమ్మ రెండు ప్లేట్లు తిని చేతులు కడుక్కుంది.

మా ప్రయోగశాల గదిని ఎప్పుడూ చల్లగా ఉంచుతాం. వేడి ఇంత మారినా లేజర్ బల్ల మీది అద్దాలు జరుగుతాయి. తలుపు తెరవగానే ఆ గాలి ఆయన ముఖానికి తగిలింది. ఆయన ఆగి, కనురెప్పలు బాగా పైకెత్తి, ముఖం ముందుకు పెట్టాడు.

"సల్లగ తాకుతున్నది," అని చిన్నమ్మతో అన్నాడు.

"అది ఏసీ," అన్నాను.

అప్పుడే మా జూనియర్ అమ్మాయి కళ్ళద్దాల పెట్టె పట్టుకొచ్చింది. లేజర్లు నడుస్తున్నప్పుడు ఎవరు లోపలికొచ్చినా ఆ రంగు అద్దాలు పెట్టుకోవాలి. అది నియమం. ఆ అమ్మాయిది గుంటూరు వైపు, మా ఇంటి సంగతులేవీ తెలియవు. ఆయన తెల్ల చొక్కా చూసి మర్యాదగా రెండు చేతులతో అందించింది.

"ఇవి పెట్టుకోండి అంకుల్. లేజర్ తగిలితే కళ్ళు పోతాయి."

చిన్నబాపు అద్దాలను తడిమి పట్టుకున్నాడు. పెట్టుకోలేదు. నేను ఎటువైపున్నానో వెతుక్కుని అటు తిరిగాడు.

"నీ లేజర్ సుత కాలుస్తదా బిడ్డా?"

"కాలుస్తది. కంట్లె వడితె కాలుస్తది."

"మరి సల్లగైతదంటివి."

"ఆటమ్‌లకు. కంటికి గాదు."

గోడ పక్కన పంపులు ఒకటే మోతగా తిరుగుతున్నాయి. ఆయనకు ఆ మోత కొత్త కాదు కాబట్టి దాని మీది నుంచే మాట్లాడాడు.

"గీ ముక్క ఫోన్ల జెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

జూనియర్ అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి పెట్టె పట్టుకుని వెనక్కి జరిగింది. చిన్నబాపు అద్దాలు తనంతట తానే పెట్టుకున్నాడు. రెండు చెవుల మీదా సరిగ్గా కుదిరాయా అని వేలితో తడిమి చూసుకున్నాడు.

చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ రోజు ఎర్ర లేజర్ ఆపి నీలిది మాత్రమే నడిపిస్తున్నారు. గాజు కిటికీ వెనక, గాలి లేని చోట, నువ్వుగింజంత నీలి వెలుగు కదలకుండా నిలిచి ఉంది.

"నీ ముంగటనే ఉన్నది. బెత్తెడు దూరంల."

"ఆగిందా?"

"ఆగింది."

ఆయన దాని వైపు కాకుండా ఏసీ వైపు ముఖం పెట్టి ఉన్నాడు. నేను తిప్పలేదు. చొక్కా కింద ఆయన చెయ్యి సన్నగా వణుకుతున్నది. భయం వల్లనో, చలి వల్లనో అనుకున్నాను.

"అయితె ఇయ్యాల నాకు వెట్టేది ఏం లేదు గద?" అన్నాడు.

"ఏం లేదు."

"ఆపరేషన్‌కు ఏం తినొద్దంటరని రాత్రి నుంచి తినలే," అన్నాడు. "ఇగ తినొచ్చా బిడ్డా?"

తినొచ్చు అన్నాను.